ఏడవ మునక



మా ఆసుపత్రిలో ప్రతి ఉదయము ఏడున్నరకు చాపెల్ గంట మ్రోగుతుంది. రాత్రి డ్యూటీ దిగిన నర్సులు, పగటి డ్యూటీకి వచ్చినవారు, డాక్టర్లు, స్వీపర్లు, నడవగలిగిన రోగులు, వారికి తోడుగా వచ్చినవారు అందరము చాపల మీద కూర్చుంటాము. ఒక పాట, ఒక వాక్యభాగము, పదిహేను నిమిషాల ధ్యానము, ప్రార్థన. ఎనిమిదింటికి ఓ.పి. చీట్లు మొదలవుతాయి. ఇటీవల ఒక వారమంతా పాస్టరుగారు విధేయతను గూర్చి ధ్యానము చెప్పారు. ఆ మాటలు చాపెల్లోనే ఉండిపోకూడదని ఇక్కడ వ్రాస్తున్నాము.

సోమవారము ఆయన రెండవ రాజుల గ్రంథము 5వ అధ్యాయము తెరిచారు. నయమాను సిరియా సైన్యాధిపతి. గొప్ప పరాక్రమశాలి, కాని కుష్ఠరోగి. ఇంట్లో ఊడిగము చేసే ఒక చిన్నపిల్ల చెప్పిన మాట మీద, రథములతో, కానుకలతో ఎలీషా గుమ్మము ముందుకు వచ్చాడు. ప్రవక్త బయటకు కూడ రాలేదు. యొర్దానులో ఏడు మారులు స్నానము చేయమని కబురు మాత్రము పంపాడు. నయమానుకు కోపము వచ్చింది. మా దమస్కు నదులు దీనికన్న మంచివి కావా అని వెనుదిరిగాడు. సేవకులు నచ్చజెప్పిన తరువాతనే నదిలో దిగాడు.

"నయమాను ఆరు మునకలు వేసి గట్టెక్కి ఉంటే ఏమయ్యేది?" అని పాస్టరుగారు అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ, "తడిసిన బట్టలే మిగిలేవి అయ్యగారూ" అన్నది. అందరము నవ్వాము. పాస్టరుగారు మాత్రము, "అవ్వ ఈ రోజు నా ప్రసంగమంతా ఒక్క మాటలో చెప్పేసింది" అన్నారు. మన తెలుగులో చెవితో వినడానికి, చెప్పినట్లు చేయడానికి ఒకటే మాట ఉన్నదని, "మా వాడు మాట వినడు" అంటే చెవిటివాడని అర్థము కాదని ఆయన చెప్పారు.

చాపెల్ మైకు టి.బి. వార్డు వరకు వినబడుతుంది. ఆ రోజు అక్కడ ఒక తాపీమేస్త్రి మంచము మీద కూర్చుని విన్నాడు. తరువాత సిస్టరును పిలిచి, "నేను రెండో మునకకే గట్టెక్కినానని అయ్యగారితో చెప్పండమ్మా" అన్నాడు. ఆయన అనుమతితో, పేరు చెప్పకుండ, ఆ సంగతి మీకు తెలియజేస్తున్నాము.

ఆయన మొదటిసారి దగ్గు, సాయంకాలపు జ్వరముతో మా దగ్గరకు వచ్చాడు. కళ్ళె పరీక్షలో క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాలని చెప్పి పంపాము. రెండు నెలలకే దగ్గు, జ్వరము పోయాయి, బరువు పెరిగాడు. పనికి వెళ్ళాడు, మందులు ఆపేశాడు. కొన్ని నెలలకు దగ్గు మళ్ళీ వచ్చింది. ఈసారి పరీక్షలో, క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ ఆయనకు ఇక పనిచేయదని తెలిసింది. ఇంట్లో భార్య, ఆరేళ్ళ పాప ఉన్నారు. వారికి కూడ పరీక్షలు చేయవలసి వచ్చింది.

పాస్టరుగారు మాస్కు కట్టుకొని వెళ్ళి ఆయన ప్రక్కన కూర్చున్నారు. కోప్పడలేదు, ఎందుకు ఆపావని మాత్రము అడిగారు. ఒక రోజు పని మానితే ఆ రోజు కూలి పోతుంది. మందు వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. మాత్రలు చూస్తే ఇరుగుపొరుగుకు జబ్బు తెలుస్తుందని భయము. మూత్రము ఎర్రగా వస్తే రక్తము పోతున్నదని బెదిరిపోయాడు. అది రిఫాంపిసిన్ రంగు, హాని లేదు. ఆ సంగతి మేము చెప్పామో లేదో మాకే గుర్తు లేదు. చీటీ వ్రాయడముతో మా పని అయిపోయిందనుకున్నాము. అది మా సగము విధేయత.

మంగళవారము ధ్యానము తరువాత మా డాక్టరుగారు లేచి ఆరు నెలలు ఎందుకో వివరించారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు. చురుకుగా పెరిగే క్రిములు చాలామట్టుకు అప్పుడే చస్తాయి. అందుకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. కాని కొన్ని క్రిములు నిద్రపోయినట్లు దాగి ఉంటాయి. మిగిలిన నాలుగు నెలల మందులు వాటి కొరకు. మధ్యలో ఆపినా, ఇష్టమొచ్చినప్పుడు వేసుకున్నా, మందుకు లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి. ఆ మొండి క్షయకు మందులు వేరు, బాధలు ఎక్కువ. అది దగ్గు ద్వారా ఇంట్లోవారికి కూడ అదే మొండితనముతో అంటుకొంటుంది.

బుధవారము వాక్యము అదే గ్రంథము 13వ అధ్యాయము. మరణపడక మీదనున్న ఎలీషా, రాజైన యెహోయాషును బాణములతో నేలను కొట్టమన్నాడు. రాజు మూడుసార్లు కొట్టి ఆగిపోయాడు. అయిదారు సార్లు కొట్టవలసినదని ప్రవక్త కోపించాడు. "రాజు మాట తప్పలేదు, మనసు పెట్టలేదు, అంతే" అన్నారు పాస్టరుగారు.

తరువాత ఆయన కొంచెము సేపు ఆగి తన సంగతి చెప్పారు. తనకు బి.పి. ఉన్నదని, తలనొప్పి లేదు కదా అని మూడు వారాలుగా మాత్రలు వేసుకోలేదని, మేస్త్రి దగ్గరనుండి వచ్చి అద్దములో తన ముఖము చూచుకోలేకపోయానని ఒప్పుకొన్నారు. ఆ ఉదయమే సిస్టరు చూస్తే బి.పి. 170 ఉన్నది. బి.పి. నొప్పి లేకుండానే గుండెను, మూత్రపిండములను పాడు చేస్తుంది, పక్షవాతము తెస్తుంది. "నేను దేవుని సేవకుడనని మాత్రను విడిచిపెట్టే హక్కు నాకు లేదు. ప్రార్థన చేసి మాత్ర వేసుకొంటాను, మాత్ర వేసుకొని ప్రార్థన చేస్తాను" అన్నారు.

విధేయత అంటే నోరు మూసుకొని బాధపడడము కాదని కూడ ఆయన చెప్పారు. నయమాను సైతము సేవకులతో తన కష్టము చెప్పుకొన్నాడు. కాబట్టి మందులు వాడేవారందరికి మా మనవి:

వాంతులు, కళ్ళు పచ్చబడడము, చూపు మసకబారడము కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరే మందు మానవద్దు.

మందు సంగతి ఇంట్లో ఒకరికి చెప్పి, రోజూ గుర్తుచేయమనండి.

క్షయ మందులు ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్నది. నిక్షయ్ పోషణ్ యోజన క్రింద చికిత్స కాలములో ఆహారము కొరకు ఇచ్చే సహాయము 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు అయినది. పేరు నమోదైనదో లేదో అడిగి తెలుసుకోండి.

సంఘములోనివారు మందు వాడే కుటుంబాన్ని వెలివేయవద్దు. నయమానును నదిలోకి దింపినది ప్రక్కనున్న మనుష్యులే.

ఇప్పుడు మేము మందులిచ్చే ప్రతివారి దగ్గర పది నిమిషాలు కూర్చుంటున్నాము. మేస్త్రికి కొత్త మందులు మొదలై నెల దాటింది. ఆయనకు ఇంకా చాలా మునకలు మిగిలి ఉన్నాయి. పాపకు ఇప్పటివరకు జబ్బు కనబడలేదు, కాని పరీక్షలు ఇంకా చేస్తూనే ఉన్నాము. ఆ కుటుంబమును మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి.

ప్రభువా, మొదలుపెట్టిన దానిని ముగించే మనసు మాకు దయచేయుము. ఆమెన్.