కాకి పొడిచినా ఉలిక్కిపడే యంత్రం

2015 సెప్టెంబరు 14, సోమవారం. వినాయక చవితికి ఇంకా మూడు రోజులే ఉంది. గోదావరి పుష్కరాలు ముగిసి రెండు నెలలు కూడా కాలేదు. పెనుగొండలో పందిళ్లకు రాటలు పాతే రోజులవి. మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు ఒక అల భూమిని దాటిపోయింది. వాసవీమాత గుడినీ, సిద్ధాంతం వంతెననూ, సార్వా చేలనూ, ఆ చేలలోని మనుషులనూ ఓసారి సాగదీసి, ఓసారి నొక్కి మరీ వెళ్లింది. ఎవరికీ తెలియలేదు. తెలిసే వీలూ లేదు.

పసిగట్టినవి అమెరికాలోని రెండు లైగో యంత్రాలు. ముందు లూసియానాలోని లివింగ్‌స్టన్, సెకనులో వెయ్యో వంతులు ఏడు గడిచాక వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్. సంకేతం మొత్తం సెకనులో ఐదో వంతు. జర్మనీలోని హానోవర్‌లో దాన్ని మొదట చూసిన మార్కో డ్రాగో అనే ఇటలీ శాస్త్రవేత్త వెంటనే నమ్మలేదు. సిబ్బందిని పరీక్షించడానికి చెప్పాపెట్టకుండా దొంగ సంకేతాలు చొప్పించే అలవాటు అప్పట్లో లైగోలో ఉండేది మరి! ఐదు నెలలు అన్ని వైపుల నుంచీ తరచి చూశాక, 2016 ఫిబ్రవరి 11న లోకానికి చెప్పారు.

సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయాయి. ఒకటి సూర్యుడికి 36 రెట్లు బరువు, రెండోది 29 రెట్లు. కలిశాక మిగిలింది 62. లెక్కలో తగ్గిన మూడు సూర్యుళ్లంత పదార్థం గురుత్వ తరంగాలుగా మారిపోయింది. ఐన్‌స్టీన్ 1916లో కాగితం మీద చూపిన ఆ తరంగాలు నేరుగా చేతికి చిక్కడానికి దాదాపు వందేళ్లు పట్టింది. రెయినర్ వైస్, బ్యారీ బారిష్, కిప్ థోర్న్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

లైగో యంత్రానికి ఎల్ ఆకారంలో రెండు చేతులుంటాయి. ఒక్కోటి 4 కిలోమీటర్లు. రాజమండ్రి - కొవ్వూరు రోడ్డు కమ్ రైలు వంతెన మీద రోడ్డు దాదాపు అంత పొడవు. లేజరు కిరణాన్ని రెండుగా చీల్చి ఆ చేతుల్లోకి పంపుతారు. చివర్లలోని అద్దాలను తాకి వచ్చిన కిరణాలు మామూలుగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొడవులో ఏ కాస్త తేడా వచ్చినా రద్దు పూర్తిగా జరగదు, వెలుగు బయటపడుతుంది. ఆ సోమవారం వచ్చిన తేడా ప్రోటాను వెడల్పులో సుమారు 400వ వంతు.

అంత చిన్న కదలికను పట్టాలంటే మిగతా కదలికలన్నిటినీ అణచాలి. అసలు కష్టమంతా అక్కడే. ఒక్కో అద్దం 40 కిలోలు, 34 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని అర మిల్లీమీటరు కూడా లేని నాలుగు గాజు పోగులకు వేలాడదీస్తారు. పైన మరో మూడు అంచెల లోలకాలు. కిరణం నడిచే గొట్టంలో గాలి ఉండకూడదు. గొట్టం తిన్నగా ఉండాలి కానీ భూమి వంపు తిరిగి ఉంటుంది. 4 కిలోమీటర్లలో ఆ తేడాయే మీటరుకు పైమాట. దాన్నీ సరిచేసి కట్టారు.

ఇంతా చేస్తే 2017 వేసవిలో హాన్‌ఫర్డ్ యంత్రం ఉండుండి ఉలిక్కిపడింది. ఆరా తీస్తే, దాహమేసిన బొంతకాకులు నైట్రోజన్ గొట్టం మీద పేరుకున్న మంచును ముక్కుతో పొడుస్తున్నాయి! ఖగోళ శాస్త్రవేత్తలు కాకుల కోసం గొట్టానికి తొడుగు వేయించుకోవలసి వచ్చింది.

మరి ఇలాంటి యంత్రం గోదావరి జిల్లాల్లో పెడితే? పనికిరాదు. కాళ్ల కింద ఒండ్రు మట్టి, దగ్గర్లోనే సముద్రపు పోటు, సిద్ధాంతం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిపై రాత్రింబవళ్లు లారీలు. దీనికి రాతి నేల కావాలి, సందడి తక్కువ ఉండాలి. మన దేశంలో కట్టే లైగో యంత్రానికి వెతికి వెతికి మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, ఔంఢా నాగనాథ్ దగ్గర చోటు ఎంచుకున్నారు. తెలుగువాళ్లకు మరీ పరాయి చోటేం కాదు, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. హింగోలి పక్కన పారే కయాధు నది నీళ్లు పెన్‌గంగ, వార్ధా, ప్రాణహితల మీదుగా గోదావరిలోకే వస్తాయి.

కేంద్రం 2016 ఫిబ్రవరిలోనే, గురుత్వ తరంగాలు చిక్కాయన్న ప్రకటన వెలువడిన వారంలో, ఈ యంత్రానికి సూత్రప్రాయంగా సరేనంది. నిధుల మంజూరు, దాదాపు రూ.2,600 కోట్లు, 2023 ఏప్రిల్‌లో జరిగింది. మధ్యలో ఏడేళ్లు ఫైళ్లకే సరిపోయాయి. ఆలోపు జపాన్ కొండ కింద తవ్వి కాగ్రా అనే ఇలాంటి యంత్రాన్నే కట్టి, 2020లో పని మొదలుపెట్టేసింది.

లెక్కలు కట్టడంలో మాత్రం మన దక్షిణాది వెనకబడలేదు. కృష్ణబిలాన్ని కదిపితే అది ఎలా కంపించి సద్దుమణుగుతుందో బెంగళూరు శాస్త్రవేత్త సి.వి.విశ్వేశ్వర 1970లోనే చూపించారు. 2025 జనవరి 14న అందిన సంకేతం మరీ స్పష్టంగా ఉండటంతో ఆ కంపనాలు విడివిడిగా తేలాయి. కలయికకు ముందు రెండు బిలాల ఉపరితలం కలిపి సుమారు 2.4 లక్షల చదరపు కిలోమీటర్లు, తర్వాత 4 లక్షలు. కృష్ణబిలాల ఉపరితలం తగ్గదన్న హాకింగ్ మాటకు అది గట్టి రుజువు. విశ్వేశ్వర దాన్ని చూడలేదు, 2017 జనవరిలో పోయారు.

సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్లది మరో దారి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో పల్సర్లనే తారల స్పందనలను ఏళ్ల తరబడి లెక్కగట్టే భారత బృందంలో ఈ సంస్థకూ చోటుంది. కోట్ల సూర్యుళ్ల బరువుండే కృష్ణబిలాల జంటలు పంపే అల ఒక్కటి పూర్తవడానికే ఏళ్లు పడుతుంది. దానికి 4 కిలోమీటర్ల చేతులు చాలవు. అలాంటి అలల ఆనవాళ్లు దొరికాయని 2023 జూన్‌లో ఈ బృందం, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి.

హింగోలి యంత్రం వస్తే ఒరిగేదేమిటంటే, అల వచ్చిన దిక్కు తెలుస్తుంది. రెండు చోట్ల విన్నప్పుడు ఆకాశంలో పెద్ద మేరను అనుమానించాలి. 2017 ఆగస్టు 17న న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు ఇటలీలోని వర్గో యంత్రం కూడా తోడవడం వల్లే టెలిస్కోపులు కొన్ని గంటల్లో అటు తిరగగలిగాయి. మన యంత్రానికి కావలసిన కీలక భాగాలు చాలావరకు ఎప్పుడో తయారై హాన్‌ఫర్డ్‌లో పెట్టెల్లో ఉన్నాయి. వాటిని ఇక్కడికి తెచ్చి బిగించడానికి ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2030.