జావాలో స్టాటిక్ మెథడ్‌కు వారసత్వం ఎంతవరకు?

టాటానగర్ స్టేషన్ పక్కనున్న జుగ్సలాయిలో మనం కొన్నేళ్లు ఉంటాం. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు రాగానే సామాను కట్టేస్తాం. మన అలవాట్లు మన వెంటే వస్తాయి. క్వార్టర్ తలుపు మీది నంబరు మాత్రం అక్కడే ఉంటుంది. జావాలో మామూలు మెథడ్ మన అలవాటు లాంటిది, అది ఆబ్జెక్టు వెంట వెళ్తుంది. స్టాటిక్ మెథడ్ ఆ నంబరు లాంటిది, అది క్లాసుకే చెందుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 'బడి' అనే మాతృ క్లాసు ఉంది. దాని నుంచి వచ్చిన పిల్ల క్లాసు 'మనబడి'. రెండింటిలోనూ 'రుసుము' అనే పబ్లిక్ స్టాటిక్ మెథడ్ ఉంది. మొదటిది 100 ఇస్తుంది, రెండోది 50 ఇస్తుంది. 'బడి' రకం వేరియబుల్‌లో 'మనబడి' ఆబ్జెక్టును ఉంచి రుసుము అడిగితే 50 వస్తుందనుకుంటాం. కానీ 100 వస్తుంది! కంపైలర్ వేరియబుల్ రకాన్నే చూస్తుంది, లోపలి ఆబ్జెక్టును చూడదు. రెండు చోట్లా 'స్టాటిక్' తీసేస్తే 50 వస్తుంది. ఇక్కడ పిల్ల మెథడ్ మాతృ మెథడ్‌ను మరుగుపరిచిందే తప్ప దాని స్థానంలోకి రాలేదు. తప్పు జరిగినా ప్రోగ్రాం ఆగదు, లెక్క మాత్రం మారిపోతుంది. అందుకే స్టాటిక్ మెథడ్‌ను ఎప్పుడూ క్లాసు పేరుతోనే పిలవాలి.

అసలు ఆ మెథడ్ పిల్ల క్లాసుకు అందుతుందా? అది యాక్సెస్ మాడిఫయర్ చెబుతుంది.

ప్రైవేట్: అందదు. పిల్ల క్లాసు అదే పేరుతో రాసుకుంటే అది వేరే కొత్త మెథడ్.

ఏమీ రాయకపోతే: ఒకే ప్యాకేజీలో ఉన్న పిల్ల క్లాసుకే అందుతుంది. పాత ఊరి లైబ్రరీ కార్డు కొత్త ఊళ్లో చెల్లనట్టే, ప్యాకేజీ మారితే అందదు.

ప్రొటెక్టెడ్: వేరే ప్యాకేజీలో ఉన్న పిల్ల క్లాసుకు కూడా అందుతుంది.

పబ్లిక్: పిల్ల క్లాసుకు అందుతుంది, బయటివాళ్లు కూడా పిలవవచ్చు.

అందిన మెథడ్‌ను పిల్ల క్లాసులో మళ్లీ రాసేటప్పుడు ఒక నియమం ఉంది. అనుమతిని పెంచవచ్చు, తగ్గించకూడదు. ప్రొటెక్టెడ్‌ను పబ్లిక్ చేస్తే సరే. పబ్లిక్‌ను ప్రొటెక్టెడ్ చేస్తే కంపైలర్ ఒప్పుకోదు. ఎందుకంటే, 'బడి'లో పబ్లిక్ అన్నాక 'మనబడి' పేరుతో కూడా దాన్ని ఎవరైనా పిలవవచ్చు. పెద్దలు ఇచ్చిన మాటను పిల్లలు వెనక్కి తీసుకోకూడదు కదా!

ఈసారి కంప్యూటర్ గదిలో 'రుసుము' ప్రోగ్రామును స్టాటిక్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపి చూద్దాం. తేడా మన కళ్లకే కనిపిస్తుంది.