మీకు తెలుసా? ఆఫ్రికా చుట్టాలకూ ఓ దఫ్తరు!

జనగామలో బస్సెక్కి సికింద్రాబాద్ పోయేవాళ్లు ఉప్పల్ దాటగానే ఆఫ్రికా పేరున్న ఊళ్లోంచి వెళ్తారు! అదే హబ్సీగూడ. ఇథియోపియా వైపు నుంచి వచ్చినవాళ్లను దక్కన్‌లో హబ్షీలనేవారు, వాళ్ల పేరు మీదే ఆ పేట వెలిసిందంటారు.

మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అనుకున్నారా? కాదు, ‘ఆఫ్రికన్ కావల్రీ’! నిజాం వెంట గుర్రాల మీద కాపలాగా నడిచిన ఆఫ్రికా సిపాయిల దళం అది. అలా చూస్తే మన దగ్గర ఆఫ్రికా వలసదారుల కోసం నడిచిన సర్కారీ దఫ్తరు ఆ గుర్రపు దళమే. కొలువు, జీతం, ఉండటానికి ఇల్లు, మూడూ ఒకే చోట దొరికేవి.

ఆ దళం పుట్టింది హైదరాబాద్‌లో కాదు, వనపర్తిలో! వనపర్తి రాజా రామేశ్వరరావు కూడగట్టిన ఆఫ్రికా సిపాయిలే తర్వాత నిజాం కొలువులోకి మారారని చెబుతారు.

మానుకోటకు మహబూబాబాద్ అనే పేరు ఎవరి వల్ల వచ్చింది? ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వల్లనే అంటారు. 1869లో గద్దెనెక్కేటప్పటికి ఆయనకు మూడేళ్లైనా నిండలేదు! మూడేళ్లు నిండని రాజుగారి చుట్టూ ఆరడుగుల అంగరక్షకులు నిలబడితే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

1948 పోలీసు చర్య తర్వాత గుర్రాలు పోయాయి, యూనిఫారాలు పోయాయి, జీతాలు పోయాయి. బస్తీ మాత్రం మిగిలింది! దళాన్ని రద్దు చేసినా కుటుంబాలు ఆ లైన్లలోనే ఉండిపోయాయి. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ పక్కా హైదరాబాదీలు.

వినాయక నిమజ్జనంలో తీన్‌మార్ దరువు వినగానే మీ కాళ్లు ఆగుతాయా? ఆగవు కదా! ఆ దరువుకు మూలం మర్ఫా అంటారు. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం కాలంలో ఇక్కడ వాయించిన వాద్యమది. వేడిచేసి బిగించిన డప్పు, దాని పక్కన చిన్న డోలు, ముందు కత్తో కర్రో తిప్పుతూ ఎగిరే కుర్రాడు. హైదరాబాద్ బరాత్‌లో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. జనగామ డీజే బండి వెనక ఎగిరేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

ఆఫ్రికాలో బానిసగా అమ్ముడుపోయిన ఒక కుర్రాడు ఇక్కడికొచ్చి ఒక నగరాన్నే కట్టాడు! పేరు మలిక్ అంబర్. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు, అహ్మద్‌నగర్ రాజ్యానికి పేష్వా అయ్యాడు, 1610లో ఖడ్కీ అనే ఊరిని నిలబెట్టాడు. అదే తర్వాత ఔరంగాబాద్ అయింది, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్.

అంతకంటే వింత ఇంకోటుంది. ఆయన కట్టిన ఆ నగరమే 1763 దాకా అసఫ్‌జాహీ నిజాంల రాజధాని, హైదరాబాద్ వంతు ఆ తర్వాతే వచ్చింది! మోటారు లేదు, కరెంటు లేదు, భూమి వాలునే నమ్ముకుని సొరంగాల్లో నీళ్లు పారించి ఊరికి తెచ్చాడు మలిక్ అంబర్. ఆ ఏర్పాటుకు నహర్-ఎ-అంబరీ అని పేరు. వలసదారుల కోసం సర్కారు దఫ్తరు పెట్టడం సరే, ఇక్కడ వలసదారుడే నగరానికి నీటి శాఖ పెట్టాడు!

భూపాలపల్లి గనిలో బొగ్గు తయారవుతున్న రోజుల్లో ఆఫ్రికా పోవడానికి వీసా అక్కర్లేదు, సముద్రమూ దాటక్కర్లేదు! సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట, అంతకు ముందూ మన నేల, ఆఫ్రికా గోండ్వానా అనే ఒకే ఖండంలో కలిసి ఉండేవి. గోదావరి లోయ బొగ్గులో అచ్చుపడిన గ్లాసోప్టెరిస్ ఆకులే దక్షిణాఫ్రికా రాళ్లలోనూ దొరుకుతాయి.

నిన్న రాత్రి మీరు తిన్న జొన్నరొట్టె కూడా ఆఫ్రికా వలసదారే! జొన్న, సజ్జ, రాగి మూడూ అక్కడ పుట్టి వేల ఏళ్ల కిందటే ఇక్కడికి చేరాయి. పులిహోరలో చింతపండు సొంతూరూ అదే ఖండం. ఇక ఆవకాయ తప్ప మనకేం మిగిలిందని అడక్కండి, మిరపకాయ అమెరికాది!

ఆ గింజలకు పాస్‌పోర్టులు కూడా ఉన్నాయంటే నమ్ముతారా? 1972లో పటాన్‌చెరులో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన భాండారంలో లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలున్నాయి. ఏ గింజ ఏ దేశంలో, ఏ ఊళ్లో సేకరించారో రాసి పెట్టే చిట్టాను శాస్త్రవేత్తలు నిజంగానే ‘పాస్‌పోర్టు వివరాలు’ అంటారు.

గోల్కొండ నయా ఖిలాలో ఒక చెట్టుంది, దాని మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు! ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ అది, వయసు నాలుగు వందల ఏళ్ల పైమాటే అంటారు. దాని తొర్రలో ఒకప్పుడు దొంగలు దాక్కునేవారని కథలున్నాయి. చుట్టూ చేతులు కలిపి నిలబడాలంటే ఒక క్లాసు పిల్లల్లో సగం మందైనా కావాలి.

తెలంగాణ ఎస్టీ జాబితాలో 32 పేర్లుంటే వాటిలో సిద్దీలు లేరు. పక్కనున్న కర్ణాటకలో మాత్రం ఉన్నారు! ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు 2003లో ఆ గుర్తింపు దక్కింది. 2020లో శాంతారామ్ సిద్ది అక్కడి శాసనమండలిలో అడుగుపెట్టి, ఆ సముదాయం నుంచి చట్టసభకు వెళ్లిన తొలి వ్యక్తి అయ్యారు.

ఒక నైజీరియా ఇంజినీరు పని మీద వచ్చి భూపాలపల్లి లాడ్జిలో దిగాడనుకోండి, లాడ్జి యజమానికి ఉన్న గడువు ఎంత? 24 గంటలే! ఆలోపు అతని వివరాల ఫారం నింపి అధికారులకు పంపాలి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకూ ఇదే రూలు. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లయితే 14 రోజుల్లో పేరు నమోదు చేయించుకోవాలన్నది ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న నియమం. హైదరాబాద్‌లో అందుకు ప్రత్యేక ఆఫీసుంది, జిల్లాల్లో ఆ బాధ్యత ఎస్పీలు చూస్తూ వచ్చారు.

ఉస్మానియా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కోసమే ఒక ఆఫీసుంది! సూడాన్ నుంచో సోమాలియా నుంచో డిగ్రీకి వచ్చిన పిల్లలు మొదట తొక్కే గడప అదే. హైదరాబాద్‌లో ఆఫ్రికా కుర్రాడికి దొరికే సలహా సంఘం ఏదని నన్నడిగితే ఆ ఆఫీసూ, హాస్టల్లో సీనియర్లూ అంటాను. నిజం చెప్పాలంటే రెండోదానికే గిరాకీ ఎక్కువ!

యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల పాఠాలు, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి పాఠాలు, బెంచీల మీద ఆఫ్రికా దేశాల అధికారులు! 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద భారత ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని వాళ్లను పిలిపిస్తుంది.

ఇంతకీ ఆఫ్రికా వలసదారుల కోసమే అచ్చంగా నగర ప్రభుత్వం పెట్టిన ఆఫీసు ఎక్కడుంది? అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో! 2006 చట్టంతో మేయర్ కింద ‘ఆఫ్రికా వ్యవహారాల కార్యాలయం’ పెట్టారు, దానికి తోడు ఒక సలహా సంఘమూ ఉంది. వ్యాపారం లైసెన్సు ఎలా తీసుకోవాలి, పిల్లల్ని బడిలో ఎలా చేర్పించాలి, ఏ పథకం ఎవరికి వస్తుంది వంటివి చెప్పి జనానికీ సర్కారుకీ మధ్య వారధిగా ఉండటం దాని పని.

అంత పేరున్న వాషింగ్టన్ నగరం విస్తీర్ణం 177 చదరపు కిలోమీటర్లే, జనగామ జిల్లాలో అలాంటివి పన్నెండు పడతాయి! జిల్లా విస్తీర్ణం 2,187 చదరపు కిలోమీటర్లు మరి, భాగించి చూసుకోండి.

అదే మేయర్ దగ్గర లాటినోలకు ఒక ఆఫీసు, ఆసియా వాళ్లకు ఇంకో ఆఫీసు ఉన్నాయి. మన జనగామ పిల్లాడు వెళ్తే ఏ తలుపు తట్టాలి? ఆసియా తలుపు! అదే కుర్రాడి తాత దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి ఉంటే ఎటు పోవాలో చెప్పండి చూద్దాం.

వాషింగ్టన్‌లో ఒక భాషవాళ్లు 500 మంది ఉంటే చాలు, సర్కారు ముఖ్యమైన కాగితాలు ఆ భాషలో ఇవ్వాలి! ఆఫీసు సేవలందుకునే జనంలో 3 శాతం లేదా 500 మంది, రెండింట్లో ఏది తక్కువైతే అది లెక్కని 2004 చట్టం చెబుతుంది. ఇక్కడ మహబూబాబాద్ వాళ్లు ఒక్క క్షణం ఆగాలి. 2018లో తెలంగాణ తండాలను గ్రామపంచాయతీలు చేసినప్పుడు పెట్టుకున్న హద్దూ 500 జనాభాయే!

ఆ చట్టం పుణ్యమా అని వాషింగ్టన్ ఆఫీసుల్లో ఇథియోపియా వాళ్ల అమ్హారిక్ కాగితాలు దొరుకుతాయి. ఆ లిపికీ గుణింతం ఉంది! 33 మూలాక్షరాలు, ఒక్కోదానికి ఏడేసి రూపాలు, మొత్తం 231. మన బాలశిక్ష చదివిన పిల్లాడు దాన్ని చూసి భయపడడు.

అమెరికాలో స్థిరపడిన సోమాలీ శరణార్థుల్లో చాలామంది పుట్టినరోజు జనవరి 1! పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లకు అధికారులు ఆ తేదీ రాసేశారు. నవ్వకండి, మన పెద్దల పుట్టినరోజులు బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరుగారి కలం నుంచి పుట్టినవే కదా!

మిన్నెసోటా రాష్ట్రం ఒక సలహా మండలికి 35 ఏళ్ల తర్వాత పేరు మార్చింది. 1980లో ‘నల్లజాతి మిన్నెసోటావాసుల మండలి’గా పుట్టింది, 2015లో ‘ఆఫ్రికా వారసత్వ మిన్నెసోటావాసుల మండలి’ అయింది. సోమాలియా నుంచి వచ్చి చేరినవాళ్లూ ఇప్పుడు ఆ కొత్త పేరు కిందికే వస్తారు.

అమెరికాలో లూయిస్టన్ అని మానుకోట కంటే చిన్న పట్నం ఉంది, జనాభా 37 వేల చిల్లర. 2001 నుంచి అక్కడికి సోమాలీలు రావడం మొదలైంది. మరుసటి ఏడు మేయరు బహిరంగ లేఖ రాసి, మీవాళ్లను ఇంక రావొద్దని చెప్పండన్నాడు. అది చూసి 2003 జనవరిలో జాతి ద్వేషులు సభ పెడితే వచ్చింది సుమారు 30 మంది, సోమాలీలకు మద్దతుగా వచ్చింది 4,000 పైనే! 2015లో సోమాలీ పిల్లలు నిండిన ఆ ఊరి బడి జట్టే రాష్ట్ర ఫుట్‌బాల్ కప్పు కొట్టింది.

శరణు కోరి వచ్చినవాళ్లు మేయర్ కుర్చీలో కూర్చోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఐర్లాండ్‌లో ఏడేళ్లు! నైజీరియా నుంచి 2000లో వచ్చిన రోటిమి అడెబారి 2007లో పోర్ట్‌లీష్ మేయరయ్యారు. లైబీరియా నుంచి వచ్చిన విల్మట్ కాలిన్స్ 2017లో అమెరికాలోని హెలీనాలో, నాలుగుసార్లు గెలిచిన మేయర్‌ను ఓడించారు. శరణార్థి కాకపోయినా, ఘనాలో పుట్టిన డాక్టరు పీటర్ బాస్‌మన్ 2010లో స్లొవేనియాలోని పిరాన్‌కు మేయరయ్యారు. 2021లో సౌత్ పోర్ట్‌లాండ్ మేయరైన డెఖా దలాక్, అమెరికాలో ఆ పదవి దక్కిన మొదటి సోమాలీ.

‘దయచేసి మా ఊరికి రావొద్దు’ అని ఒక నగరపాలక సంస్థ ఆఫ్రికా పత్రికలో డబ్బిచ్చి ప్రకటన వేయించింది! 1972లో నియంత ఇడి అమీన్ ఉగాండా నుంచి ఆసియావాళ్లను తరిమేసినప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్ చేసిన పని అది. అయినా వేలమంది వచ్చారు. ఆ ఊరి బెల్‌గ్రేవ్ రోడ్డులో దీపావళికి వెలిగే దీపాలకు ఇప్పుడు ప్రపంచమంతా పేరుంది.

మనవాళ్లు ఎదురు ప్రయాణం కట్టినప్పుడూ దఫ్తర్లు ఉన్నాయి! 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ 342 మందిని డర్బన్‌లో దింపింది. కూలీల గోడు వినడానికి ‘భారతీయ వలసదారుల సంరక్షకుడు’ అనే అధికారిని అక్కడి నాటాల్ ప్రభుత్వం 1872లో, అంటే పన్నెండేళ్ల తర్వాత పెట్టింది!

ఆఫ్రికా పటంలో చుక్కంత ఉండే మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు! కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ల సంతతి అక్కడుంది. పోర్ట్ లూయిస్ రేవులో వలసదారుల డిపో గట్టుకు 16 రాతి మెట్లున్నాయి. దాదాపు అయిదు లక్షల మంది ఆ దారినే నేల మీదికి వచ్చారు, ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి రిజిస్టర్లోకి ఎక్కించారు. ఆప్రవాసీ ఘాట్ అని పిలిచే ఆ చోటు 2006లో ప్రపంచ వారసత్వ కట్టడమైంది.

మన దగ్గర 2024లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ‘ప్రవాసీ ప్రజావాణి’ బల్ల పెట్టారు. అది మన దగ్గరికి వచ్చినవాళ్లకు కాదు, గల్ఫ్‌లాంటి చోట్లకు పోయిన మనవాళ్ల అర్జీలు తీసుకోవడానికి!

చివరికి ఒక గడియారం లెక్క. ఇథియోపియాలో రోజు అర్ధరాత్రి మొదలవదు, తెల్లారుజామున మొదలవుతుంది! మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట, తొమ్మిదైతే మూడు. అక్కడి నుంచి కొత్తగా వచ్చినాయన ‘రేపు మూడింటికి ఆఫీసుకొస్తా’ అంటే గుమాస్తా ఇంకోసారి అడిగి రాసుకోవడం మంచిది. మరి మీరు చెప్పండి, జనగామలో పొద్దున పదకొండున్నర బస్సు వాళ్ల గడియారంలో ఎన్నింటికి? అయిదున్నరకు!