ఎల్ఫ్‌ల జాతి మనగలదా?

1974లో అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో ఎల్ఫ్‌లనే కల్పిత జాతి ఉంది. 2014 నాటి నియమాల పుస్తకం ప్రకారం వీరు 750 ఏళ్ల దాకా బతుకుతారు. పెద్దవారిగా లెక్కకు వచ్చేది సుమారు 100వ ఏట. పిల్లలను కనేదీ ఆ తర్వాతే అనుకుందాం. మరి ఈ జాతి నిలుస్తుందా?

యుద్ధాలు, ప్రమాదాల వల్ల ఏటా నూటికి ఒకరు చనిపోతే, పుట్టిన 100 మందిలో 100వ ఏటికి మిగిలేది సుమారు 37 మంది. నూటికి ఇద్దరైతే 13 మందే! అప్పుడు జాతి తరగకుండా ఉండాలంటే జంటకు సగటున 15 మంది పుట్టాలి.

ప్రకృతిలోనూ ఇంతే. సంచార ఆల్బట్రాస్ పక్షి రెండేళ్లకోసారి ఒక్క గుడ్డే పెడుతుంది. చేపల గాలాలకు చిక్కి చనిపోయేవి కాస్త పెరిగినా వాటి సంఖ్య పడిపోతుంది. నిదానంగా పెరిగే జాతికి దీర్ఘాయువు ఒక్కటే రక్ష కాదు. అకాల మరణాలు తగ్గాలి.