మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దు!

మూడో నెల నిండేదాకా విశేషం బయటపెట్టకూడదని మనవాళ్ళ ఆనవాయితీ. అందుకే 2022 సెప్టెంబరులో, ఇక్కడ ఇంగ్లండులో, మా ఆవిడకి ఏడో వారంలో రక్తం కనబడితే ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. అంతకుముందు ఒకసారి గర్భం పోయింది కూడా. ఉండబట్టలేక ఇండియాకి ఫోన్ చేస్తే అమ్మ, "మెట్లెక్కనిచ్చావుట్రా? బొప్పాయి గానీ తిందా?" అంది.

మర్నాడు ఆస్పత్రి ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌లో నర్సు ఓపిగ్గా చెప్పింది. సుమారు నలుగురిలో ఒకరికి తొలి మూడు నెలల్లో ఇలా కనబడుతుందట. వాటిలో సగానికి పైగా నిలబడతాయట. పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల తేడా. మెట్లూ కాదు, ఆఫీసు పనీ కాదు. మంచం దిగకపోతే గర్భం నిలుస్తుందనడానికీ ఆధారం లేదు. (కంప్యూటర్లవాణ్ణి కదా, అంకెలు వింటేగాని నాకు ఊపిరాడదు!)

స్కానులో గుండె కొట్టుకుంటోంది. రక్తస్రావంతో పాటు ఇదివరకు గర్భస్రావం అయినవాళ్ళకి ప్రొజెస్టెరాన్ ఇమ్మని 2021లో ఇక్కడి నైస్ సంస్థ సిఫార్సు చేసింది. మా ఆవిడ రోజుకి రెండుసార్లు, 16 వారాల దాకా వాడింది. 2023లో పాప పుట్టింది. బొప్పాయి మీద అమ్మ అనుమానం మాత్రం పోలేదు.

రక్తంతో పాటు పొత్తికడుపులో ఒకవైపు గట్టినొప్పి, భుజం కొసన నొప్పి, స్పృహ తప్పినట్టు ఉంటే స్కాను కోసం ఆగొద్దు. పిండం ట్యూబులో పెరుగుతూ ఉండొచ్చు. వెంటనే 999కి ఫోన్ చేయండి.