మంచు కొండలకు వెళ్తున్నారా? నిదానంగా ఎక్కండి



సెలవులు దగ్గరపడగానే మన సంఘ కుటుంబాల వారు, కాలేజీ పిల్లలు మా దగ్గరకు వచ్చి "సిస్టర్, మంచు చూడటానికి వెళ్తున్నాం, ఏ మందులు తీసుకెళ్ళాలి?" అని అడుగుతుంటారు. స్వెట్టర్లు, మఫ్లర్లు, జలుబు మాత్రలు అందరూ సర్దుకుంటారు. కాని ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎంత ఎత్తు?
మన అరకు సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. మనాలీ దాదాపు 6,700 అడుగులు, కాశ్మీరులోని గుల్‌మార్గ్ 8,700 అడుగులు. గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ చేసేవారిని తీసుకెళ్ళే రోప్‌వే రెండో దశ దాదాపు 13,000 అడుగులకు చేరుస్తుంది. లడఖ్‌లోని లేహ్ 11,500 అడుగులు. సుమారు 8,000 అడుగులు దాటితే ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు.

ఎందుకు వస్తుంది?
గాలిలో ఆక్సిజన్ వంతు ఎక్కడైనా 21 శాతమే. కాని పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. లేహ్‌లో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, మన ఊళ్ళో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. దీనికి శరీరం అలవాటు పడటానికి కొన్ని రోజులు కావాలి. రోజూ వ్యాయామం చేసే యువకులకు కూడా మినహాయింపు లేదు.

గుర్తులు
తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం, నిద్ర పట్టకపోవడం. ఇవి సాధారణంగా పైకి చేరిన 6 నుండి 12 గంటల తర్వాత మొదలవుతాయి. అందరి సరదా పాడవుతుందని కొందరు వీటిని దాచిపెడతారు. దయచేసి దాచకండి. తోటివారు కూడా అడిగి తెలుసుకోవాలి.

కూర్చున్నా ఆయాసం, విడవని దగ్గు, నురగతో కూడిన కళ్ళె వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. తూలుతూ నడవడం, మాట తడబడటం, మతి తప్పినట్లు ప్రవర్తించడం మెదడు వాపుకు గుర్తులు. ఇవి ప్రాణాపాయం. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే కిందికి దించండి. ఆక్సిజన్ ఇప్పించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రోగిని ఒంటరిగా పంపకూడదు.

పాటించవలసినవి
1. విమానంలో నేరుగా లేహ్ చేరితే మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి.
2. ట్రెక్కింగులో 10,000 అడుగులు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజు కంటే 1,600 అడుగులకు మించి ఎత్తున ఉండకూడదు. మూడు, నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగండి.
3. తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్ళవద్దు. ఎక్కువవుతుంటే దిగిపోండి.
4. దాహం తీరేలా నీళ్ళు తాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు.
5. ముందుగా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరు సలహాతోనే తీసుకోండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పండి.
6. మంచు మీద ఎండ కళ్ళను దెబ్బతీస్తుంది. నల్ల కళ్ళద్దాలు పిల్లలకు కూడా పెట్టండి.
7. చలికి వేళ్ళు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకండి, మంటకు కాచకండి. గోరువెచ్చని నీటిలో ఉంచి డాక్టరుకు చూపించండి.

గుండె జబ్బు, ఆస్తమా, బి.పి., షుగరు ఉన్నవారు, గర్భిణులు టికెట్లు కొనకముందే డాక్టరును కలవాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ సమస్య ఉన్నవారికి ఎత్తు ప్రదేశాలు మరింత ప్రమాదం. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. దాన్ని ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉంచుకోండి.

డబ్బు కట్టేశాం కదా అని జబ్బుతో కొండ ఎక్కవద్దు. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది మళ్ళీ వెళ్ళవచ్చు. క్షేమంగా వెళ్ళి రండి.