చిరునామాను చివరినుంచి చదవండి



మాది గుంటూరు జిల్లా చేబ్రోలు. గుంటూరునుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే రోడ్డుమీద, నాలుగు ముఖాల బ్రహ్మదేవుడి గుడి వున్న వూరంటే చాలామందికి తెలుస్తుంది. అయితే చేబ్రోలు ఒక్కటే కాదు. గొల్లప్రోలు దగ్గర ఒక చేబ్రోలు వుంది, ఉంగుటూరు దగ్గర మరొకటి వుంది. నా పెళ్ళయిన కొత్తల్లో మా అమ్మకు ఉత్తరం రాసి, పైన జిల్లా పేరూ పిన్‌కోడూ వెయ్యడం మర్చిపోయాను. ఆ ఉత్తరం గోదావరి వైపు తిరిగి తిరిగి రెండు వారాలకు అమ్మ చేతికి చేరింది. తప్పు నాదే. "వూరిపేరు వుంటే సరిపోయిందా? ఏ జిల్లాదో రాయొద్దూ?" అంది అమ్మ.

ఆ మాట ఈమధ్య మళ్ళీ గుర్తొచ్చింది. మా పక్కింటి వదినగారు ఒక పుణ్యక్షేత్రంలో గది కోసం సెల్‌ఫోనులో వెదికారు. దేవుడి పేరుతో, గోపురం బొమ్మతో ఒక వెబ్‌సైటు కనిపించింది. నాలుగు వేల ఎనిమిది వందలు కట్టేశారు. తీరా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళితే అక్కడ వాళ్ళ పేరున గదీ లేదు, ఆ రసీదుకు విలువా లేదు. "దేవుడి పేరు వుందిగదమ్మా!" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పేరు వున్నమాట నిజమే. జిల్లా చూసుకోలేదు, అంతే. వెబ్‌సైటు పేరులో ఆ 'జిల్లా' ఎక్కడ వుంటుందో ఈవేళ చెప్పుకుందాం.

ఇంటర్నెట్టుకు తగిలించిన ప్రతి కంప్యూటరుకూ టెలిఫోను నంబరులాగా ఒక అంకెల చిరునామా వుంటుంది. అన్ని అంకెలు ఎవరికి గుర్తుంటాయి? అందుకని పేర్లు పెట్టారు. ఆ పేర్లనే డొమైన్ నేమ్స్ అంటారు. మనం పేరు కొడితే, దాని నంబరేదో వెదికి ఇచ్చే ఏర్పాటు వెనకాల వుంటుంది.

1970లలో కంప్యూటర్లు కొద్దిగా వున్న రోజుల్లో, ఈ పేర్ల జాబితా అంతా అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఒకే ఒక కార్యాలయంలో వుండేది. దాన్ని నడిపింది మనలాంటి స్త్రీయే, ఎలిజబెత్ ఫైన్లర్. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒక్కచోట జాబితా రాసుకోవడం అసాధ్యమైపోయింది. అప్పుడు 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన, జాబితాను అంచెలుగా పంచే పద్ధతి తయారుచేశారు. కామ్, గవ్, ఎడ్యు వంటి విభాగాలు రావడంలో ఫైన్లర్ బృందం పాత్ర వుంది.

ఈ అంచెలు మన తపాలా చిరునామాకు మల్లేనే వుంటాయి. మనం ముందు ఇంటిపేరు, తర్వాత వీధి, వూరు, చివర జిల్లా, రాష్ట్రం రాస్తాం. కానీ ఉత్తరాలు వేరుచేసేవారు ముందు చూసేది రాష్ట్రం, జిల్లా. వీధీ ఇల్లూ చివర. వెబ్‌సైటు పేరు కూడా అంతే. రాసేది ముందునుంచి, చదవవలసింది చివరినుంచి.

తిరుమల తిరుపతి దేవస్థానంవారి పేరే చూడండి. 2024 జనవరిలో వారు దాన్ని 'టిటిదేవస్థానమ్స్ డాట్ ఏపి డాట్ గవ్ డాట్ ఇన్' అని మార్చారు. చివరినుంచి వద్దాం. 'ఇన్' అంటే భారతదేశం. 'గవ్' అంటే ప్రభుత్వం. 'ఏపి' మన రాష్ట్రం. ఆ తర్వాతే దేవస్థానం. మీ ఫోను తరఫున వెదికే ఏర్పాటు కూడా ఇదే వరసలో ఒక్కొక్క అంచెనూ అడుగుతూ వెళ్ళి, రెప్పపాటులో నంబరు తెచ్చిపెడుతుంది.

ఇక్కడే అసలు కిటుకు. 'గవ్ డాట్ ఇన్' అనే చివరిపేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. ఉత్త 'డాట్ కామ్', ఉత్త 'డాట్ ఇన్' అలా కాదు. డబ్బు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. తెలుగు అక్షరాల్లో 'డాట్ భారత్' అని కూడా వుంది. తెలుగులో వుందిగదా అని నమ్మెయ్యకూడదు. పైగా ఈ పేర్లు కొనుక్కునేవి కావు, అద్దెవి. గడువు తీరి అద్దె కట్టకపోతే ఇంకొకరు తీసుకోవచ్చు. కనుక ఏ పాత కరపత్రంమీదో వున్న వెబ్‌సైటు పేరు ఇప్పుడు ఎవరి చేతిలో వుందో చెప్పలేం.

బ్యాంకుల విషయంలో మనకొక మేలు జరిగింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరిపేరుకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత మన హైదరాబాదులోనే వున్న ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థది. అది రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పినది. బ్యాంకు కానివారికి ఆ పేరు దొరకదు. స్టేట్ బ్యాంకువారిది 'ఎస్‌బిఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్'.

మరి మోసగాళ్ళు వూరుకుంటారా? అసలు పేరును తెచ్చి మధ్యలో ఇరికిస్తారు. 'ఫలానాబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కెవైసి-అప్‌డేట్ డాట్ కామ్' అని వుందనుకోండి. ముందునుంచి చదివితే మన బ్యాంకే. చివరినుంచి చదివితే 'కెవైసి-అప్‌డేట్ డాట్ కామ్' అనే ఎవరిదో ఇల్లు! చివర అంటే ఎక్కడ? మొదట్లో 'హెచ్‌టిటిపిఎస్' పక్కన వచ్చే రెండు ఏటవాలు గీతలు వదిలెయ్యండి. ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత ఎక్కడ వస్తే అక్కడికి పేరు అయిపోయినట్టు. దాని తర్వాత వున్నదంతా ఇంట్లో ఏ గదికి వెళ్ళాలో చెప్పేదే. అక్కడ దేవుడి పేరున్నా, బ్యాంకు పేరున్నా లెక్కలోకి రాదు.

అక్షరాలు కూడా నిదానంగా చూడాలి. ఇంగ్లీషు 'ఓ' బదులు సున్నా, 'ఎల్' బదులు ఒకటి అంకె పెడతారు. 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే 'ఎమ్' లాగే కనిపిస్తుంది. ఇక తాళంకప్ప గుర్తు వుంది కాబట్టి భయంలేదని కొందరంటారు. అది మీ మాటలు దారిలో మూడోవాళ్ళు వినకుండా కాపాడుతుందంతే. అవతల వున్నవాడు దొంగో దొరో చెప్పదు.

కాబట్టి వచ్చిన మెసేజీలోని లింకు నొక్కకండి. వెదికినప్పుడు మొట్టమొదట కనిపించేది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన కావచ్చు. ఫోనులో పేరు సగమే కనిపిస్తే, దానిమీద వేలుపెట్టి పూర్తిగా చూడండి. మీ బ్యాంకుకు స్వయంగా వెళ్ళినప్పుడు వారి వెబ్‌సైటు పేరు అడిగి, పాల లెక్క రాసుకునే పుస్తకంలో మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. ప్రతిసారీ అది చూసే కొట్టండి.

ఒకవేళ పొరపాటున డబ్బు పోతే, ఇంట్లో ఏమంటారోనని దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ పేరు సరైనదో కాదో ఎలా తెలుస్తుందంటారా? చివరినుంచి చదివి చూడండి, మీకే తెలుస్తుంది.

మా వదినగారు ఇప్పుడు కరెంటు బిల్లు కట్టబోయే ముందు కూడా కళ్ళజోడు సర్దుకుని, "ఆగమ్మా, ముందు జిల్లా చూడనీ" అంటున్నారు. సెలవు.